పిన్ని తెరవలేని పేజీ

ఆఫీసుకు బయల్దేరే ముందు జ్యోత్స్న రోజూ ఒక పని చేస్తుంది. చెప్పులు వేసుకోకముందే, ముందు గది తలుపు పక్కన మేకుకు వేలాడే పలకను తడిగుడ్డతో తుడిచి, ఆ రోజు వారం, తారీఖు, వండిపెట్టిన కూర, తను తిరిగొచ్చే వేళ గుండ్రటి అక్షరాలతో రాస్తుంది. చివరి పంక్తి మాత్రం ఎప్పుడూ మారదు: 'ఇది మన ఇల్లే అమ్మా.'

వెనక మంచం మీద కూర్చుని తల్లి సుగుణమ్మ చూస్తూ ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి. ఒక్కోరోజు, "పంక్తి కిందికి జారుతోంది, నిలబెట్టి రాయి," అంటుంది. ఒక్కోరోజు పలక మొత్తం చదివి, "ఎవరమ్మా ఆ వచ్చేది?" అని అడుగుతుంది. రెంటికీ జ్యోత్స్న దగ్గర ఉన్నది ఒకే జవాబు. "సరే అమ్మా," అని చెప్పులు వేసుకుంటుంది.

తెనాలి మారీసుపేటలో ఒక మేడ కింది వాటాలో వాళ్ళిద్దరి కాపురం. పక్క వాటాలో ఉండే గౌస్ బీ జాకెట్లకు హుక్సులు, చీరలకు ఫాల్సు కుడుతుంది. జ్యోత్స్న గేటు దాటగానే ఆమె తన కుట్టుపెట్టె పట్టుకుని వచ్చి సుగుణమ్మ మంచం పక్కన చాప పరుచుకుంటుంది. సాయంత్రం జ్యోత్స్న వచ్చేదాకా అక్కడే ఆమె పని. ఈ ఏర్పాటు లేకపోతే జ్యోత్స్న ఉద్యోగం ఏనాడో పోయేది. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తా పని ఆమెది. నలభయ్యో పడికి దగ్గరవుతున్నా పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు. ఎత్తవలసిన మనిషికి ఆ సంగతి గుర్తులేదు.

సుగుణమ్మది వయసుతో వచ్చే మతిమరుపు కాదు, ముదిరే జబ్బని గుంటూరు డాక్టరు చెప్పిన నాటినుంచి జ్యోత్స్నకు సాయంత్రాలు లేకుండా పోయాయి. ఇల్లు చేరి ముఖం కడుక్కునే లోపల సెల్‌ఫోను మోగేది. రేపల్లె నుంచి తల్లి చెల్లెలు దీనమ్మ పిన్ని. ఆమె పెట్టేస్తే బాపట్ల నుంచి తోమాసు మామయ్య. ఆయన పెట్టేస్తే రేపల్లె పక్కన నగరం అనే ఊళ్ళో ఉన్న మేనత్త పిల్లలు. అందరివీ అవే ప్రశ్నలు. అన్నం తిన్నదా, నిన్ను పోల్చుకున్నదా, ఆ డాక్టరు కాకపోతే ఇంకో డాక్టరు లేడా. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, ఇంకో చేత్తో తల్లి ఒలకబోసిన మజ్జిగ తుడుస్తూ, చెప్పిందే చెప్పి చెప్పి ఆమెకు తన గొంతంటేనే విసుగు పుట్టింది. వాళ్ళ ప్రేమలో కల్తీ లేదు. అందుకే విసుక్కునే వీలు కూడా లేదు.

ఆమె అవస్థ చూసి ఉపాయం చెప్పింది తోమాసు మామయ్య కొడుకు శాలేమురాజు. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో పని చేస్తాడు. "రోజూ నలుగురికి నాలుగుసార్లు చెప్పే బదులు ఒకసారి రాసిపెట్టు వదినా. ఎవరికి తీరిక దొరికినప్పుడు వాళ్ళు చదువుకుంటారు," అని ఫోన్లోనే ఒక బ్లాగు తయారుచేసి ఇచ్చాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే కిటుకు కూడా నేర్పాడు. 'అమ్మ కబుర్లు' అని పేరు పెట్టారు. అది 2007 వానాకాలం.

కాలేజీ ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ కంప్యూటరు ఖాళీగా ఉంటుంది. టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని, ఎడమచేత్తో తింటే తల్లి తిట్టేదన్న సంగతి గుర్తొస్తున్నా ఆ చేత్తోనే స్పూను పట్టుకుని తింటూ, కుడిచేత్తో జ్యోత్స్న రాసేది. మొదట్లో అవి ముక్తసరి కబుర్లు. నిన్న జ్వరం లేదు, ఇడ్లీ తిన్నది, పాటల పుస్తకం చూడకుండా ఒక కీర్తన మొత్తం పాడింది, అంతే. పోనుపోను పొడుగయ్యాయి. తల్లి తనను బడికి కొత్తగా వచ్చిన టీచరనుకుని హాజరుపట్టీ ఎట్లా వేయాలో నేర్పిన మధ్యాహ్నం, బియ్యం డబ్బాలో దాచిన కళ్ళజోడు, చనిపోయిన నాన్నకు కూడా కంచం పెట్టమని పట్టుబట్టిన ఆదివారం, అన్నీ వచ్చాయి. మధ్యలో 'అయ్యో' అనకుండా, సలహా ఇవ్వకుండా, చివరిదాకా వినేది ఆ తెల్లటి పెట్టె ఒక్కటే. రాసిన రోజు సాయంత్రం ఆమెకు ఇంటికి నడక కాస్త తేలికగా ఉండేది. ఫోన్లు కూడా తగ్గాయి. అప్పుడప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళు కింద రెండు మాటలు రాసి పోయేవాళ్ళు, కళ్ళు చెమర్చాయండీ అని. ఎట్లా వచ్చారో ఆమెకు తెలియదు. వద్దనాలని తోచలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం బాగానే అనిపించింది.

మరుసటి ఏడాది ఎండలు ముదరకముందే బాపట్లలో తోమాసు మామయ్య మనవరాలి బారసాలకు తల్లీకూతుళ్ళు వెళ్ళారు. తిరుగు రైల్లో ఆడవాళ్ళ పెట్టె కిటకిటలాడుతోంది. నడివయసు స్త్రీ ఒకామె సుగుణమ్మను చూసి గబుక్కున లేచి, "వందనాలు టీచరమ్మా, నేను మీ దగ్గర ఒకటో తరగతి చదివాను," అని తన చోటు ఇచ్చింది. సుగుణమ్మ ముఖం వెలిగింది. కూర్చోబోతూ కూర్చోబోతూ అక్కడే, ఆ పాత శిష్యురాలి ఎదుటే, చీర తడుపుకుంది. జ్యోత్స్న తన శాలువా ఆమె నడుముకు చుట్టి, తెనాలి దాకా ఆగకుండా నిడుబ్రోలు స్టేషన్లోనే దింపేసింది. ప్లాట్‌ఫారం కొసన కుళాయి దగ్గర కాళ్ళు కడిగి, బారసాలకు కట్టుకున్న తన పట్టుచీర విప్పి తల్లికి చుట్టి, సంచిలో ఉన్న పాత వాయిలు చీర తను కట్టుకుంది. అంతసేపూ సుగుణమ్మ కూతురి మణికట్టు వదల్లేదు.

"ఎవరికీ చెప్పకే."

"చెప్పనమ్మా."

"దీనమ్మక్కూడా."

"ఎవరికీ చెప్పనమ్మా."

మర్నాడు భోజనాల వేళ జ్యోత్స్న ఇదంతా రాసింది. శిష్యురాలి వందనం, కుళాయి, మణికట్టు, ఎవరికీ చెప్పకే అన్న మాట, తను ఇచ్చిన మాట, ఏదీ వదల్లేదు. మాట తప్పుతున్నానన్న ఊహ ఆమెకు వేలిచివర దాకా కూడా రాలేదు. ఆ బరువు ఎక్కడో ఒకచోట దించాలి, దించింది. డబ్బా కడుక్కుని మళ్ళీ ఫీజు రసీదుల్లో పడింది.

రేపల్లెలో దీనమ్మ పిన్ని బ్లాగు చదివే పద్ధతి వేరు. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన ఆమెకు తెలుగు చదవడం వచ్చు, కంప్యూటరు ముట్టుకోవడం రాదు. బస్టాండు పక్కన ఫరూక్ నడిపే నెట్ సెంటరుకు వారానికోసారి నడిచి వెళ్ళేది. అతను మూల కుర్చీలో కూర్చోబెట్టి, పేజీ తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి తన పని తాను చూసుకునేవాడు. ఆమె తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి, వేలు పెట్టి చదువుకునేది. దాన్ని ఆమె బ్లాగు అనేది కాదు. 'అక్క పేపరు' అనేది.

నిడుబ్రోలు కుళాయి ముచ్చట చదివిన రోజు ఆమెకు అక్కడ కూర్చునే ఏడుపు ఆగలేదు. ఫరూక్ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ పేజీ కాయితం మీద తీసి ఇమ్మంది. ఇచ్చాడు. మడతపెట్టి జాకెట్లో దోపుకుని, ఆ వారం గుడిలో స్త్రీల సమాజం కూడినప్పుడు పట్టుకుపోయింది. అక్కడి అలవాటు అది. ఎవరి ఇంట్లో ఏ కష్టం వచ్చినా, బిడ్డకు పరీక్షలైనా, గేదె ఈనకపోయినా, ప్రార్థన మనవి కింద రాసి ఇస్తే కార్యదర్శి నిలబడి చదువుతుంది. తరవాత అందరూ మోకాళ్ళ మీద పడి ప్రార్థిస్తారు. దాచుకున్న కష్టానికి ప్రార్థన ఎట్లా చేస్తారు? దీనమ్మ కాయితం కార్యదర్శి చేతికి ఇచ్చింది. ఆమె మంచి కంఠంతో, మొదటి అక్షరం నుంచి 'ఎవరికీ చెప్పకే' దాకా, ఆ తరవాత 'చెప్పనమ్మా' దాకా, పూర్తిగా చదివింది.

ఆ వచ్చిన రెండో శనివారం పొద్దున, రేపల్లె పాసింజరు దిగి నలుగురు ఆడవాళ్ళు పాదిరిగారి భార్యతో కలిసి మారీసుపేట వచ్చారు. బత్తాయిలు, హార్లిక్సు సీసా, రొట్టె తెచ్చారు. దీనమ్మకు మోకాళ్ళ నొప్పి, రాలేదు. సెలవు రోజు కాబట్టి జ్యోత్స్న ఇంట్లోనే ఉంది. ఆ పూట సుగుణమ్మ చక్కగా ఉంది. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని, వచ్చినవాళ్ళలో ఇద్దరిని పేరు పెట్టి పలకరించింది, ఒకామెను నీ ఎక్కాలు ఇప్పుడైనా వచ్చాయా అని ఎగతాళి కూడా చేసింది. అందరూ నవ్వారు. ఇట్లాంటి రోజు వచ్చి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ జ్యోత్స్న టీ నీళ్ళు పొయ్యి మీద పడేసి వచ్చి, ప్రార్థనకు తనూ మోకరించింది.

పాదిరిగారి భార్య మనసున్న మనిషి. కన్నీళ్ళతోనే ప్రార్థించింది. "ప్రభువా, రైల్లో నలుగురిలో బట్టలు తడుపుకున్న ఈ నీ బిడ్డ సిగ్గును నువ్వు కప్పు తండ్రీ. నిడుబ్రోలులో ఆమె కార్చిన కన్నీళ్ళు నువ్వు నీ బుడ్డిలో పట్టి దాచావు గదా."

జ్యోత్స్న కళ్ళు తెరిచింది. ఎదురుగా తల్లి కళ్ళు అప్పటికే తెరుచుకుని ఉన్నాయి.

సుగుణమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. టీలు తాగేదాకా మాట్లాడింది. గేటు దాకా వెళ్ళి సాగనంపింది. లోపలికొచ్చి, కుర్చీలో కూర్చోకుండా, తలుపు పట్టుకుని నిలబడింది.

"నిడుబ్రోలు సంగతి వాళ్ళకి ఎట్టా తెలిసింది?"

జ్యోత్స్న ఖాళీ గ్లాసులు ఏరుతోంది. ఏరుతూనే ఉంది.

"ఎవరికీ చెప్పొద్దని నీ ఒక్కదానితోనే అన్నాను. అక్కడ నువ్వు తప్ప ఇంకెవరూ లేరు," అంది సుగుణమ్మ. కోపంగా అనలేదు. తరగతిలో దొంగతనం బయటపడ్డప్పుడు టీచరు మాట్లాడినట్టు, మెల్లగా అంది.

ఆ మర్నాటి పొద్దున స్నానానికి వేడినీళ్ళలో చన్నీళ్ళు తొలిపి పిలిస్తే, సుగుణమ్మ లోపలికెళ్ళి తలుపు గడియ వేసుకుంది. ఎంత బతిమాలినా తియ్యలేదు. "నువ్వొద్దు. గౌస్ బీని పిలువు," అని లోపలినుంచి ఒకటే మాట. గౌస్ బీ పొయ్యి మీద కూర దించి పరిగెత్తుకొచ్చింది. గడియ తెరుచుకుంది. తలుపు ఆమె వెనక మళ్ళీ మూసుకుంది. బయట చెంబు పట్టుకుని నిలబడ్డ జ్యోత్స్నకు లోపలి మాటలు వినబడుతున్నాయి.

"కన్నకూతుర్ని కాదని నన్ను పిలిచారు టీచరమ్మా. ఎన్ని మార్కులేస్తారు?"

"నీ చెయ్యి మోటు. ముప్ఫై ఐదు."

"పాసయ్యాను, చాలు. మా నాయన బతికుంటే పలావు పెట్టేవాడు."

ఆ రోజునుంచి అదే వరస. అన్నం పెడితే తినేది, మందు ఇస్తే మింగేది, రాత్రి పక్కన పడుకుంటే కాదనేది కాదు. ఒంటి మీద చెయ్యి మాత్రం వెయ్యనిచ్చేది కాదు. చీర జారినా తనే తడుముకునేది, లేకపోతే గోడ తట్టి గౌస్ బీని పిలిచేది. మిగతావన్నీ మరిచిపోయే మనిషి ఈ ఒక్కటీ పట్టుకుని కూర్చుంది. తల్లిని కడిగే పని తప్పితే జ్యోత్స్నకు పొద్దున అరగంట విశ్రాంతి దొరకాలి. ఆ అరగంట ఆమె బాత్‌రూం తలుపు ఎదురుగానే నిలబడేది.

దీనమ్మకు ఫోను చేసి జ్యోత్స్న ఎన్నడూ మాట్లాడనంత కటువుగా మాట్లాడింది. పిన్నికి తన తప్పేమిటో అర్థం కాలేదు. దేవుడి దగ్గర దాచేదేముంటుందే అంది. ఆ మాటకు జ్యోత్స్న ఫోను పెట్టేసింది. ఆ మధ్యాహ్నమే శాలేమురాజుకు చెప్పి బ్లాగుకు తాళం వేయించింది. ఇకమీదట ఎవరెవరు చదవొచ్చో వాళ్ళ ఈమెయిలు ఐడీలు ఎక్కించాలి. వాళ్ళకు పిలుపు వెళుతుంది, ఆ పిలుపు పట్టుకుని, తమ పాస్‌వర్డు కొట్టి లోపలికి రావాలి. తక్కినవాళ్ళకు తలుపు మూసే ఉంటుంది. చెప్పినంతసేపూ సులువుగానే ఉంది.

చిక్కు ఆ తరవాత తెలిసింది. శాలేమురాజు ఒక్క నిమిషంలో లోపలికి వచ్చేశాడు. అయితే అతనికి ఈ కబుర్లతో పెద్ద పని లేదు, వాళ్ళ నాన్న చెబితే వింటాడు. తోమాసు మామయ్యకు ఐడీ చేసి ఇచ్చాడు. ఆయన చదివేది బాపట్లలో అల్లుడి జెరాక్సు షాపులో. ఆ కంప్యూటరు పాస్‌వర్డును ఒకసారికే గుర్తుపెట్టుకుంది. ఇక ఎవరు కూర్చున్నా 'అమ్మ కబుర్లు' తెరిచి చూపించడం మొదలుపెట్టింది. హాల్‌టికెట్టు జెరాక్సుకు వచ్చిన కుర్రవాడెవడో చదివి, పాపం ఎవరండీ ఈమె అని అడిగాడని మామయ్యే మెచ్చుకోలుగా ఫోను చేసి చెప్పాడు. దీనమ్మకు అసలు ఐడీయే లేదు. ఫరూక్ ఐడీకి పిలుపు పంపితే అది సెంటరు ఐడీ, అక్కడికొచ్చే ఊరందరిదీ. చదవాలన్న అక్కర ఉన్నవాళ్ళకు తాళం తియ్యడం రాదు, తియ్యడం వచ్చినవాళ్ళకు అక్కర లేదు. అడుసు తొక్కాక కాళ్ళు కడగడానికి నీళ్ళు వెతుక్కున్నట్టయింది ఆమె పని.

పిన్ని అలిగి ఫోను చెయ్యడం మానేసింది. రెండు వారాలు ఓర్చి, ఒక శనివారం సెలవు పెట్టి, గౌస్ బీకి ఇల్లు అప్పగించి, జ్యోత్స్న తనే రేపల్లె పాసింజరెక్కింది. పిన్నికి నేర్పి తీరాలి. నేర్పితే లోపలి మనుషులు లోపలుంటారు, బయటివాళ్ళు బయటుంటారు, తల్లికి ఇచ్చిన మాట సగమైనా నిలబడుతుంది. కిటికీ బయట కోసిన వరిమళ్ళలో మినుము పచ్చగా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా నిద్రపోయింది.

నెట్ సెంటర్లో ఫరూక్ ఇద్దరికీ పక్కపక్కన కుర్చీలు వేశాడు. ముందు పిన్నికి ఐడీ చెయ్యాలి. దీనమ్మ అని కొడితే ఆ పేరు ఇంతకుముందే ఎవరో తీసుకున్నారని వచ్చింది.

"నేనుండగా ఇంకో దీనమ్మ ఎవరే?" అంది పిన్ని.

పేరు వెనక అంకెలు తగిలించి ఎట్లాగో ఐడీ చేశారు. పాస్‌వర్డు నీ ఇష్టమొచ్చింది పెట్టుకో, నీకొక్కదానికే తెలియాలి అని జ్యోత్స్న రెండుసార్లు చెప్పింది. పిన్ని కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతూ, నొక్కినదాన్ని పైకి చెబుతూ, తెర మీద చుక్కలు తప్ప ఏమీ పడకపోయేసరికి గొంతు ఇంకా పెంచింది.

"కీర్తన ఇరవైమూడు కొడుతున్నా అబ్బాయ్, పడట్లేదు."

వెనక కుర్చీల్లో కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. ఫరూక్ నవ్వకుండా వచ్చి పక్కన వంగాడు. "పడింది పిన్నిగారూ, చుక్కలుగానే పడుద్ది. కానీ ఇది వద్దు. రేపల్లెలో గుడికెళ్ళే ప్రతివాళ్ళూ ఇదే పెడతారు. నా సెంటర్లో సగం తాళాలకి ఇదే చెవి."

ఇంకొకటి పెట్టారు. పిన్ని బుద్ధిగా తన చేతిసంచిలోంచి పాటల పుస్తకం తీసి, వెనక అట్ట మీద దాన్ని పెద్ద అక్షరాలతో రాసుకుంది. ఆదివారం గుడిలో పుస్తకం తెచ్చుకోని ఎవరికైనా ఆమె మొదట అందించేది ఆ పుస్తకమే. జ్యోత్స్న చూసింది.

ఆమె ముఖం చూసి పిన్ని పుస్తకం సంచిలో పెట్టేసింది. ఫరూక్ అవతలికి వెళ్ళిపోయాడు.

"నా వల్ల కాదులేవే," అంది పిన్ని, ఇంతసేపటికి గొంతు తగ్గించి. "నీకు కోపం వచ్చింది, నాకు తెలుసు. ఒక మాట అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. బస్టాండు పక్కన, నేను కూడా వచ్చి చూడగలిగినచోట పెట్టావు. ఊరందరికీ చెప్పాలనే పెట్టావనుకున్నాను. గుట్టని నాకెట్టా తెలుస్తుంది? గుట్టయితే నువ్వు రాయవు గదా."

జ్యోత్స్న తెర మీది పేజీ మూసేసింది.

"మా అక్క చెప్పొద్దన్నది నీతో. నాతో కాదు," అంది పిన్ని. "అందులో నా పేరు కూడా ఉంది. దీనమ్మక్కూడా చెప్పొద్దని. అది చదివి గదే నేను ఏడ్చింది."

తిరుగు బండి వేళ వరకూ ఇద్దరూ పిన్ని ఇంటి అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళకు ఈనెలు తీశారు. అక్క కబురు వినకపోతే నాకు వారం గడవదే అని పిన్ని అంటే, ఈసారి నోటితోనే చెబుతాను అని జ్యోత్స్న, తల్లి తినేది, తిననిది, పాడే పాట, అడిగే ప్రశ్న, ఒక్కొక్కటిగా చెప్పింది. కుళాయి లాంటివి వచ్చినచోట ఆగి, వదిలేసి, ముందుకు పోయింది. వదిలేసిందని పిన్నికి తెలుస్తూనే ఉంది. అడగలేదు.

రైల్లో వస్తుంటే జ్యోత్స్నకు ఒక సంగతి తట్టింది. అందరికీ తలుపు తియ్యడమెట్లా, ముయ్యడమెట్లా అని ఇన్నాళ్ళూ కుస్తీ పట్టింది. ఆ కబుర్లు ఎవరివో ఆ మనిషికి మాత్రం ఒక్కటంటే ఒక్కటి చదివి వినిపించలేదు.

సోమవారం ఆఫీసులో నిడుబ్రోలు పేజీ అచ్చుతీసుకుంది. మంగళవారమో బుధవారమో పొద్దున, తల్లి కాస్త నిదానంగా ఉన్నప్పుడు చేతికి ఇచ్చింది. సుగుణమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు అడిగి తీసుకుని, పరీక్ష పేపరు దిద్దేదానిలా ఒళ్ళో అట్ట పెట్టుకుని చదివింది. చాలాసేపు చదివింది. గౌస్ బీ సూదిలో దారం ఎక్కించడం ఆపి చూస్తోంది.

"ఎవరు రాశారిది?" అంది సుగుణమ్మ.

"ఒకమ్మాయి అమ్మా."

"బాగా రాసింది. కుళాయి దగ్గర చీర మార్చడం కళ్ళకు కట్టింది." మళ్ళీ ఒకసారి చివరి పంక్తుల దగ్గర పెన్సిలు ఆనించింది. "కానీ ఆ ముసలావిడ ఎవరికీ చెప్పొద్దన్నది గదా. ఈ పిల్ల చెప్పనని మాటిచ్చింది కూడానూ. మళ్ళీ ఇట్టా రాసిందేంటి?"

"తెలియక రాసిందమ్మా."

"తెలియకేం, తెలివైన పిల్లే. మనసులో పెట్టుకోలేకపోయి ఉంటుంది, పాపం." పెన్సిలుతో పేజీ మొత్తానికి అడ్డంగా ఒక గీత గీసి కాయితం తిరిగి ఇచ్చింది. "ఇది తీసెయ్యమను. ఇంకోటి రాయమను."

జ్యోత్స్న ఆ రోజే ఆ పేజీ తీసేసింది. దానితోపాటు ఇంకా చాలా తీసేసింది. కీర్తన పాడిన రోజు, హాజరుపట్టీ నేర్పిన మధ్యాహ్నం లాంటివి కొన్ని మిగిలాయి. వాటికి తాళం తీసెయ్యమని శాలేమురాజుకు చెబితే, ఇదేంటి వదినా, తాళం వెయ్యమనేదీ నువ్వే తియ్యమనేదీ నువ్వే అని నవ్వాడు. రాయడం మాత్రం దాదాపు ఆగిపోయింది. భోజనాల వేళ ఆమె ఇప్పుడు డబ్బా మూతపెట్టి బల్ల మీద తలవాల్చుకుంటుంది. ఆ పేజీలో దించేసిన బరువు ఇప్పుడు ఎక్కడికీ దిగడం లేదు.

సుగుణమ్మకు నిడుబ్రోలు గుర్తులేదు. రేపల్లె ఆడవాళ్ళు వచ్చిన శనివారం గుర్తులేదు, కోపం ఎందుకొచ్చిందో గుర్తులేదు, వచ్చిందనే గుర్తులేదు. ఒక పొద్దున జ్యోత్స్న ఆశగా చెంబు పట్టుకుని, నేను పోస్తాను రా అమ్మా అంది. సుగుణమ్మ నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది.

"నాకు గౌస్ బీ పోస్తుందమ్మా. ఎప్పుడూ ఆమే గదా."

కోపం పోయింది, అలవాటు మిగిలింది. గౌస్ బీ ఇబ్బందిగా జ్యోత్స్న వైపు చూసి, మీ అమ్మ నాకు నలభై మార్కులిచ్చింది ఈ మధ్య అని నవ్వించబోయింది. జ్యోత్స్న చెంబు ఆమె చేతికి ఇచ్చింది.

దీనమ్మ పిన్ని నెట్ సెంటరుకు వెళ్ళడం మానేసింది. మోకాళ్ళు సహకరించిన నెల పాసింజరెక్కి తనే తెనాలి వస్తుంది, అక్క పక్కన కూర్చుని ఇద్దరూ ఒకే పాటల పుస్తకంలోంచి పాడుకుంటారు. వెనక అట్ట మీద ఆ పాస్‌వర్డు ఇంకా ఉంది. పిన్ని వచ్చిన రోజు జ్యోత్స్నకు పని రెండింతలు.

ఇది 2009. జ్యోత్స్న అదే కాలేజీలో పని చేస్తోంది. రోజూ పొద్దున పలక రాస్తుంది. తల్లికి స్నానం గౌస్ బీ చేయిస్తుంది.